శనివారం అడిగే మాట

జూన్ 1, శనివారం

ఉన్నది అన్నాను.

మా మందిరం రేకుల షెడ్డులో అందరి ముందూ ఆ మాటన్నాను. పాస్టరు దయాకర్ గారు వినపడనట్టు మళ్లీ అడిగారు, ఎవరి మీదనైనా నీకేమైనా ఉన్నదా యమునమ్మా అని. ఉన్నదనే చెప్పాను, ఈసారి ఇంకాస్త గట్టిగా. చాప మీద నా పక్కనే మా అత్త కట్టమ్మ. ఆమె వంతు నాకంటే ముందు వచ్చింది. లేదు అని గోడ అవతలి వాళ్లకు కూడా వినపడేట్టు చెప్పింది. కొడుకు పోయిన తల్లికి లేదట, మొగుడు పోయిన పెళ్లానికి ఉన్నదట. అందరి మొహాల్లో అదే కనపడింది.

ఈ అడగడం మా మామ సోమయ్య పెట్టిన పద్ధతే. ఈ ఊళ్లో సంఘం మొదలుపెట్టిందీ ఆయనే. నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల. దానికి ముందు సాయంత్రం అందరూ వచ్చి కూర్చోవాలి, సంఘంలో ఎవరి మీదనైనా పట్టింపు ఉన్నదా అని ఒక్కొక్కరినీ అడగాలి, అందరూ లేదంటేనే తెల్లారి రొట్టె విరవాలి. ఒక్కరు ఉన్నదంటే అది తేలేదాకా ఎవరికీ బల్ల లేదు. ఒకసారి కోడిపెట్ట కోసం రెండిళ్లవాళ్లు పంతం పట్టి వానాకాలమంతా బల్ల ఆపేశారట. చివరికి ఆ కోడినే కోసి రెండిళ్లూ కలిసి తిన్నాయట. ఐలేశ్ ఈ కథ చెప్పినప్పుడల్లా చెప్పడం పూర్తి కాకుండానే నవ్వేవాడు.

ఇది కోడి కాదు. మక్కచేనులోకి అడవిపందులు రాకుండా రాజలింగు కట్టిన కరెంటు తీగ. దానికి తగిలే నా ఐలేశ్ పోయాడు. రాజలింగు జైలుకు పోయాడు, అక్కడ ప్రభువును నమ్ముకుని రక్షణ పొందాడట, బయటికొచ్చాడు. మొన్న ఆదివారం వాగు మడుగులో బాప్తిస్మం ఇచ్చారు. ఇప్పుడు వాడు మా సంఘం సభ్యుడు, నాకు సహోదరుడు. నేను వాడికి వందనాలు చెప్పాలి.

బల్ల రొట్టె చేసేది నేనే. మధ్యాహ్నమే పిండి కలిపి పెట్టుకున్నాను. కలిపేటప్పుడు లేదనే అందామనుకున్నాను, నిజంగానే. ఆ ఉప్పు లేని పిండినే కాల్చి టమాట కూరతో తిన్నాం.

జూన్ 2, ఆదివారం

బల్ల లేదు. పాస్టరు గారు ప్రేమను గురించి బోధించారు. మొహం నా వైపే పెట్టి.

జూన్ 9, ఆదివారం

రాజలింగు సాక్ష్యం చెప్పాడు. భూపాలపల్లిలో, చెల్పూర్‌లో అప్పుడే రెండు సభల్లో చెప్పించారట, గొంతు బాగా సాగింది. తాను పాపినని, తన చేతుల మీద ఒక మనిషి రక్తం ఉండేదని, జైలు గదిలో ప్రభువు తనను పేరు పెట్టి పిలిచాడని. పిలిచాడనే చోట గొంతు పూడుకుపోయింది. ఆడవాళ్లు కొంగులు కళ్లకద్దుకున్నారు. ఆమెన్లు, హల్లెలూయలు.

ఒక మనిషి. ఐలేశ్ పేరు చెప్పడానికి కూడా నోరు రాలేదు. ఆ ఒక మనిషి పెళ్లాం మూడో వరసలో కూర్చుని ఉందని అందరికీ తెలుసు, ఎవరూ ఇటు చూడలేదు.

చెప్పనివి నేను రాసుకుంటాను. దసరా పోయాక ఒక తెల్లవారుజామున ఐలేశ్ మోటారు వేయడానికి పోయి తిరిగి రాలేదు. వెతికాం. వెతికినవాళ్లలో రాజలింగు కూడా ఉన్నాడు. నా ముందు నడుస్తూ ఐలేశన్నా అని కేకలు వేశాడు. మర్నాడు కాలువ గట్టు కింద శవం దొరికింది. గట్టు ఎక్కడ, రాజలింగు చేను ఎక్కడ. పోలీసులు పిక్క మీద కాలిన గీత చూసి పట్టుకున్నారు. అప్పుడు ఒప్పుకున్నాడు, భయపడి ఈడ్చుకుపోయానని, తాను వచ్చేసరికే ప్రాణం పోయిందని.

శవానికి నీళ్లు పోసింది నేను. ఐలేశ్ రెండు చేతుల గోళ్లలో మట్టి ఉంది, లోపలిదాకా. ప్రాణం పోయిన మనిషి మట్టిని గీకడు. ఎంతసేపు గీకాడు, అప్పుడు వీడు ఎక్కడున్నాడు, నాకు అది కావాలి. ఇంకేమీ అక్కర్లేదు. కోపం కూడా లేదు నాకు.

జూన్ 13, గురువారం

అత్తతో పోట్లాట. గోళ్లలో మట్టి సంగతి ఎత్తగానే రెండు చేతులతో చెవులు మూసుకుంది. రాజలింగును క్షమించి విడిచిపెట్టేశానని, ప్రభువు ముందు మాటిచ్చానని, మళ్లీ తవ్వొద్దని. ఐలేశ్ నిజంగా నీ కొడుకైతే కదా ఆ నొప్పి తెలిసేది అన్నాను. అనకూడని మాట. ఆమె చేతిలో చాట కింద పెట్టింది.

"నా కొడుకు పోయిండు, గంతే నాకు ఎరుక. ఎట్ల పోయిండో ఎరుకైతే నేను వాన్ని ఇడిసిపెట్టలేను యమునా. నేను బతకలేను కూడ. నాకు ఎరుక జెయ్యకు."

ఇదీ ఆమె క్షమాపణ, కళ్లు మూసుకుని చేసేది. ముసలితనపు పిరికితనం అని మనసులోనే అనుకున్నాను.

జూలై 6, శనివారం

ఉన్నది.

జూలై 8, సోమవారం

పాస్టరు గారు ఇంటికే వచ్చారు. నర్మెట్ట మనిషి, నెమ్మదస్తుడు, టీ ఇస్తే గ్లాసు కడిగి పెట్టి పోయే రకం. ఆయన్ను తిట్టడం కష్టం. రక్షణ మన క్రియల వల్ల రాదని, అది దేవుడిచ్చే వరమని, పొందినవాళ్లం ఒకరినొకరం భరించాలని, ఒక్క శరీరంలో వేలికి గాయమైతే ఒళ్లంతా జ్వరం వస్తుందని అన్నారు. నేనే ఆ గాయమైన వేలునట. రాజలింగు మారడం చూసి పైవాడలో రెండు కుటుంబాలు మందిరానికి వస్తున్నాయని చెప్పి, చివర్లో మెల్లగా, ఐలేశ్ మరణం వృథా కాలేదు కదమ్మా, ఒక ఆత్మ రక్షించబడింది అన్నారు.

ఒళ్లు మండిపోయింది. నా మొగుడు చచ్చింది వీడికి సాక్ష్యం దొరకడానికా?

"దేవుడు వాన్ని క్షమించిండంటున్నరు. మంచిదే. కని ఆ తీగ తగిలింది దేవునికి గాదు కద అయ్యగారూ."

నేనే నా షరతు చెప్పాను. ఆ పొద్దున ఏం జరిగిందో ఏదీ దాచకుండా రాజలింగు సంఘం ముందు నిలబడి చెప్పాలి. చెబితే ఆ శనివారమే లేదంటాను. అడిగి చెబుతానని పోయారు.

జూలై 12, శుక్రవారం

పాస్టరు గారి కబురు వచ్చింది. రాజలింగు కోర్టులోనే అంతా చెప్పాడట. పూడ్చిన దాన్ని తవ్వించేది సాతానే అట.

నిన్నటిదాకా నేను గాయమైన వేలును.

జూలై 19, శుక్రవారం

అత్తను భూపాలపల్లి దవాఖానకు తీసుకుపోయాను. కాళ్లు వాచి వేలితో నొక్కితే గుంట పడుతోంది. గుండె బలహీనమైందట. మాత్రలు రాసి, ఉప్పు ముట్టుకోవద్దన్నారు. కాటారం బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టాను. సగం దారిలో బయటికి చూస్తూనే అంది:

"ఉప్పు లేనిదే తినుమన్నడు డాక్టరు. ఉప్పు లేనిది నాకు కావాల్సింది గా బల్ల రొట్టె ఒక్కటే. గదేమో నువ్వు బందు పెడితివి. పోయే ముందట ఒక్కపారి తినిపోత బిడ్డా."

నేను టికెట్టు మడతపెడుతూ కూర్చున్నాను. నేను బంద్ పెట్టలేదు, నోరు విప్పనివాడు బంద్ పెట్టాడు. అందరూ నన్నే అడుగుతారు, వాణ్ని అడగరు. అంగన్‌వాడీలో కూడా మందిరం ఆడవాళ్లు పిల్లల్ని గడప దగ్గర వదిలేసి మాట్లాడకుండా పోతున్నారు. నేను టీచర్ను కాబట్టి పిల్లల్నైనా వదులుతున్నారు.

జూలై 28, ఆదివారం

ఇవాళ ప్రార్థన అయ్యాక పాస్టరు గారి భార్య పద్మలత గారు నా చేయి పట్టుకున్నారు. వచ్చే శని, ఆదివారాలు జనగామలో స్త్రీల సభలు ఉన్నాయట, తనతో రమ్మన్నారు. నీకూ కాస్త మార్పు కావాలి యమునా, ఎంతని మోస్తావు అన్నారు. ఎన్నాళ్లయింది ఎవరైనా నన్ను ముట్టుకుని మాట్లాడి. ఏడుపొచ్చింది.

ఆ శనివారం అడగడం ఉంటుంది కదా అన్నాను. నువ్వు లేకుండా ఎట్లా అడుగుతారు, ఆ పైవారం పెట్టుకుంటారులే అన్నారు. అత్తను పక్కింటి గంగాబాయి చూసుకుంటుంది. అత్త కూడా పోయి రమ్మంది.

నేనే వీళ్లను అపార్థం చేసుకున్నాను. వీళ్లు నన్ను వదిలేయలేదు.

ఆగస్టు 3, శనివారం, జనగామ

పెద్ద హాలు, నిండా ఆడవాళ్లు. బస్సులో చెల్పూర్ కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు దాటగానే ఛాతీ మీద నుంచి ఏదో దిగినట్టయింది. ఇక్కడ నేనెవరో ఎవరికీ తెలియదు. మహబూబాబాద్ దగ్గరి తండా నుంచి వచ్చిన తుల్సీబాయి నా పక్కన చేరింది. తమ భాషలో పాట పాడి వినిపించింది, మాట అర్థం కాలేదు కానీ రెండుసార్లు పాడించుకున్నాను.

భోజనాల దగ్గర పద్మలత గారు ఫోనులో బేకరీలో చెప్పారా, కోయించే తెమ్మనండి అంటున్నారు. నన్ను చూసి పక్కకు పోయారు. రేపటి టీకి బ్రెడ్డు కాబోలు.

ఆగస్టు 4, ఆదివారం, జనగామ

ఇక్కడ ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు. పాట పాడుతుండగానే పళ్లెం వరసలోకి వచ్చేసింది. తుల్సీబాయి తను తీసుకుని నాకు అందించింది. నా చేయి పళ్లెం దాకా పోయింది. అడగకుండా తింటే మామ పెట్టిన పద్ధతి ఏం కావాలి? అవతలామెకు జరిపేశాను. తుల్సీబాయి ఏమనుకుందో, నా భుజం మీద చేయి వేసి పాట అయ్యేదాకా తీయలేదు.

ఆగస్టు 5, సోమవారం

పెట్టారు. నిన్న బల్ల పెట్టారు.

శనివారం సాయంత్రం అందరినీ అడిగారట. అందరూ లేదన్నారట. అనరా మరి, ఉన్నదనేదాన్ని బస్సెక్కించి జనగామ పంపించారు కదా. నిన్న బేకరీ బ్రెడ్డు ముక్కలు పంచారు. రాజలింగు కూడా తిన్నాడు.

చెప్పింది అత్తే. నేను సంచి దించకముందే మంచం మీదికి పిలిచి, కొంగు ముడి విప్పి తెల్లటి ముక్క నా అరచేతిలో పెట్టింది. నలిగి, అంచులు ఎండి ఉంది.

"చేతికైతే తీసుకున్న. నోట్ల పెట్టుకోబుద్ధి గాలే. నీ మామ పెట్టిన బల్ల గిది గాదు. నిన్ను ఎల్లగొట్టి తినేది బల్లనా?"

నేను కూలబడి ఏడ్చాను. అందరికంటే ఆకలిగా ఉన్న మనిషి తినకుండా కొంగున కట్టుకుని తెచ్చింది. ఆమె నా తల మీద చేయి పెట్టి, ఇప్పటికైనా లేదను బిడ్డా అంది. ఆ ముక్కను స్టీలు డబ్బాలో పెట్టాను.

ఆగస్టు 6, మంగళవారం

పాస్టరు గారింటికి పోయి గుమ్మంలోనే నిలబడి అడగాల్సింది అడిగాను. పద్మలత గారు లోపలికి పోయారు. ఆయన తప్పయిందన్నారు. సంఘం చెదిరిపోతుందేమోనని భయపడ్డానన్నారు. నేను లేనప్పుడు సంఘం చాలా సమాధానంగా ఉంటుంది కాబోలు, చచ్చిపోతే ఇంకా బాగుంటుంది అని చెప్పి వచ్చేశాను.

దారంతా హాయిగా అనిపించింది. రాసుకోవడానికి సిగ్గేం లేదు.

ఆగస్టు 11, ఆదివారం

మందిరానికి పోలేదు. మధ్యాహ్నం రాజలింగు వచ్చాడు.

బైటే నిలబడ్డాడు. మనిషి సగమయ్యాడు. ఆ రోజు బల్ల దగ్గర పెద్దమ్మ ముక్కను కొంగున కట్టుకోవడం చూశానని, అప్పటి నుంచి అన్నం లోపలికి పోవడం లేదని, వదినె అడిగింది చెప్పేసి పోతానని అన్నాడు. వాన వస్తుండడంతో లోపలికి రమ్మన్నాను. అత్త మంచం పక్కనే పీట వేశాను. అత్త లేచి కూర్చుని, వద్దు లింగూ, పో బిడ్డా అంది. తర్వాత నా వైపు తిరిగి వద్దు యమునా అంది. నేను చెప్పమన్నాను.

"అన్న బతికే ఉండె వదినె. నన్ను చూసి పేరు పెట్టి పిలిచిండు. లింగూ, దూపైతంది, జర నీళ్లియ్యిరా అన్నడు. నా చేతిల బాటిల్ ఉండె. నేను ముందుగాల తీగ చుట్టుకున్న. అందరు చూస్తరని. తీగ దాసిపెట్టి వచ్చేవరకు అన్న లేడు."

పేరు పెట్టి పిలిచాడు. సాక్ష్యంలో గొంతు పూడుకుపోయేది ఎందుకో ఇప్పుడు తెలిసింది.

వాణ్ని కొడతాననుకున్నాను. కొట్టలేదు. వచ్చే ఆదివారం సంఘం ముందు కూడా చెప్పమన్నాను, తలూపి పోయాడు. అత్త గోడ వైపు తిరిగి పడుకుంది. నాకు కావలసింది దొరికింది. ఇంక నిద్ర పడుతుంది.

ఆగస్టు 18, ఆదివారం

చెప్పాడు. ఐలేశ్ పేరు పెట్టి, బాటిల్‌తో సహా. వాడి సాక్ష్యానికి మొదటిసారి ఎవరూ ఆమెన్ అనలేదు. కొందరు నా దగ్గరికొచ్చి చేయి పట్టుకున్నారు. ఈసారి పద్మలత గారి చేయి నేనే వదిలించుకున్నాను.

ఆగస్టు 21, బుధవారం

అత్త నీళ్లు తాగడం లేదు.

మాత్ర వేసుకోమని గ్లాసిస్తే పెదవుల దాకా తీసుకుపోతుంది. అక్కడ ఆగుతుంది. కళ్లు నీళ్ల మీదే ఉంటాయి. కింద పెట్టేస్తుంది. పళ్లరసం, గంజి కొంచెం దిగుతున్నాయి, నీళ్లు మాత్రం దిగడం లేదు. చిన్నపిల్లలా మొండికేస్తే ఎట్లా అని అరిచాను. అరిచాక గ్లాసు వైపు చూశాను. నాకూ అర్థమైంది. అయినా మళ్లీ అరిచాను.

ఆగస్టు 31, శనివారం

పొద్దుటి నుంచి వాన దంచుతోంది. అత్త అడగడానికి తీసుకుపొమ్మని పట్టుబట్టింది. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, మీద పట్టా కప్పి మోయించుకుపోయాను. నాకు సంతోషంగానే ఉంది. రేపు ఆమె తింటుంది. పిండి కలిపి, బల్ల రసానికి ఎండు ద్రాక్ష నానబెట్టే బయలుదేరాను.

రాజలింగు వంతు వచ్చింది, వినీ వినపడకుండా లేదన్నాడు. అత్త వంతు వచ్చింది.

ఉన్నది అంది.

అందరూ రాజలింగు వైపు తిరిగారు. వాడు అప్పటికే లేచి నిలబడ్డాడు. పాస్టరు గారు కుర్చీ దగ్గరికి వచ్చి వంగి, రాజలింగు మీదనేనా అని అడిగారు.

"వాని మీద నాకు ఎన్నడు లేదు. ఇప్పుడు గూడ లేదు. నా కోడలు మీద ఉన్నది. వద్దని చెవులు మూసుకున్న, వద్దని బతిలాడిన. ఇనలే. నా కొడుకు దూప తెచ్చి నా గొంతుల పెట్టింది."

తర్వాత నా వంతు. పాస్టరు గారు నన్ను అడగలేదు.

సెప్టెంబర్ 1, ఆదివారం

బల్ల లేదు.

సెప్టెంబర్ 4, బుధవారం

నేను నిజం అడిగాను. నిజం అడగడం తప్పా? కట్టుకున్నవాడు ఎట్లా చచ్చాడో తెలుసుకోవడం తప్పయితే, ఇంక నాకు హక్కు దేని మీద ఉంది? ఆమె వినకూడదనుకుంటే ఆ గదిలో ఉండకపోవాల్సింది. ఎవరూ పట్టుకోకుండా నడవలేదు, నిజమే. వాన వచ్చింది కాబట్టే లోపల కూర్చోబెట్టాను. ఎవరైనా అదే చేస్తారు.

సెప్టెంబర్ 8, ఆదివారం

ఆగస్టు 11న వాన పడలేదు. పైన అబద్ధం రాశాను. ఎండ కాస్తోంది. వాకిట్లో నీడ కూడా ఉంది. వాణ్ని బయటే కూర్చోబెట్టి వినొచ్చు. ఆమె వినాలని లోపలికి పిలిచాను. ఆమె ఒక్కతే తేలికగా ఉందని, నేను మోస్తున్నానని, ఆమె కూడా మోయాలని.

ఇవాళ ఆమె కాళ్ల దగ్గర కూర్చుని తప్పయిందని చెప్పాను. ఐలేశ్ ఆఖరి మాట నీళ్లేనా యమునా, అమ్మా అనలేదా అని అడిగింది. రాజలింగు చెప్పలేదన్నాను. అనే ఉంటడు, వాడు వినలేదు అంది. నన్ను క్షమించావా అంటే కళ్లు మూసుకుంది.

సెప్టెంబర్ 12, గురువారం

తెల్లవారి చెంచాతో నీళ్లు పెట్టాను. పెదవులు తడిశాయి, లోపలికి పోలేదు, చెంప మీది నుంచి కారిపోయాయి. అత్తా, ఇంకా ఉన్నదా అని అడిగాను. నా వైపు చూసింది. కోపం కాదు. అలసిపోయిన చూపు. చెప్పడానికి ఓపిక లేదో, చెప్పడానికి మాట లేదో. గంగాబాయి వచ్చేసరికి ప్రాణం పోయింది.

ఒక్క మాట. అబద్ధంగానైనా లేదు అని ఉంటే ఏం పోయేది ఆమెకు?

నేనెందుకు అబద్ధంగా అనలేదో అదీ గుర్తుంది.

సెప్టెంబర్ 13, శుక్రవారం

చేను ఒడ్డున మామ పక్కనే మట్టి చేశాం. గుంత తవ్వింది రాజలింగు. ఇంకొకర్ని పలుగు పట్టనివ్వలేదు. వానలు పోయి ఎండ మాడుస్తోంది, అడుగున మొరం తగిలింది. వాడి బనీను ఒంటికి అతుక్కుపోయింది. ఆడవాళ్లం గట్టు మీద కూర్చుని పాట పాడుతున్నాం. నీళ్ల బిందె నా మోకాలి పక్కనే ఉంది, చెంబు బోర్లించి.

వాడు గుంతలోంచి తలెత్తాడు. ఎవరు ఎక్కడ కూర్చున్నారో చూసుకోలేదనుకుంటా. వదినె, జర నీళ్లు అన్నాడు. అన్నాక చూశాడు.

నేను లేవలేదు.

పాట ఆగిపోయింది. అందరూ తలలు వంచుకున్నారు. వాడు రెండోసారి అడగలేదు, పలుగుకు ఆనుకుని నిలబడ్డాడు, పెదవి నాలుకతో తడుపుకున్నాడు. ఇప్పుడు తెలిసిందా దూపంటే అని నా లోపల ఎవరో అంటున్నారు. నా గొంతే. చల్లగా, బాగుంది ఆ మాట.

నా చేతిలో తీగ లేదు. దాచుకోవలసిందేమీ లేదు, పోలీసుల భయం లేదు. మనిషి నీళ్లడిగితే ఊరికే కూర్చున్నాను.

ఎంతసేపటికి లేచానో తెలియదు. చెంబు ముంచి ఇచ్చాను. అందుకునేటప్పుడు సగం నీళ్లు గుంతలోనే ఒలికాయి. మిగిలినవి తాగాడు. నేను మళ్లీ ముంచి ఇచ్చాను.

అక్టోబర్ 5, శనివారం

అడిగారు. లేదన్నాను.

నిజంగానే లేదు. రాజలింగు మీద వెతికి చూసుకున్నాను, నేను లేచి నీళ్లివ్వని ఆ కాసేపే కనపడుతోంది. పాస్టరు గారు కళ్లు తుడుచుకున్నారు. పద్మలత గారు కౌగిలించుకుంటే ఊరుకున్నాను. మొత్తానికి దేవుడు కార్యం చేశాడని అన్నారు అందరూ. నా పక్కన చాప ఖాళీగా ఉంది, అక్కడ ఎవరూ కూర్చోలేదు.

మామ పెట్టిన పద్ధతిలో ఒక లోపం ఉంది. నీకు ఎవరి మీదనైనా ఉన్నదా అని అడుగుతారు. నీ మీద ఎవరికైనా ఉన్నదా అని అడగరు. ఉన్నవాళ్లు వాళ్లే చెబుతారు కదా అనుకున్నాడేమో.

ఇంటికొచ్చి పిండి కలిపాను.

అక్టోబర్ 6, ఆదివారం

బల్ల జరిగింది. రొట్టె నాదే. పళ్లెం రాజలింగు చేతి మీదుగా నా దగ్గరికి వచ్చింది, వందనాలు వదినె అన్నాడు, వందనాలన్నాను. నా ముక్క నేను తీసుకున్నాను. తల వంచుకుని కొంగున కట్టుకున్నాను, ఎవరూ చూడలేదు. ఇంటికొచ్చి స్టీలు డబ్బా తీసి, అత్త తెచ్చిన ముక్క పక్కన పెట్టాను. అది రాయిలా అయింది, బూజు కూడా పట్టింది.

రొట్టె ఈసారి చాలా మెత్తగా కుదిరిందని అందరూ అన్నారు.